డిస్క్ నిండిందంటే ఏది నిండినట్టు? కొన్ని అపోహలు, వాస్తవాలు

మిర్చి సీజన్‌లో గుంటూరు కమీషన్ కొట్ల బిల్లింగ్ సర్వర్లు, ముహూర్తాల రోజుల్లో విజయవాడ స్టూడియోల ఎడిటింగ్ కంప్యూటర్లు నిండిపోవడం మామూలే. నిండినందువల్ల జరిగే నష్టం కన్నా, నిండాక కంగారులో చేసే పనులవల్ల జరిగే నష్టమే పెద్దది. దానికి మూలం ఈ అపోహలే.

అపోహ: చోటు చాలకపోతే కొత్తగా రాసింది సేవ్ కాదు, అంతే. పాత ఫైలుకేం కాదు.

వాస్తవం: పోయేది చాలాసార్లు పాత ఫైలే. కొన్ని ప్రోగ్రాములు సేవ్ కొట్టగానే ఉన్న ఫైలు నిడివిని ముందు సున్నా చేసి, తర్వాత మొదటి నుంచి రాస్తాయి. ఆ మధ్యలో ఖాళీ అయిన చోటుని ఏ లాగ్ ఫైలో లాగేసుకుంటే మీకు మిగిలేది 0 బైట్ల ఫైలు. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము అలా చేయదు. పక్కన తాత్కాలిక ఫైలు రాసి, అది డిస్క్‌కి చేరిందని ఎఫ్‌సింక్‌తో ఖాయం చేసుకుని, అప్పుడు పేరు మారుస్తుంది. చోటు చాలకపోతే తాత్కాలిక ఫైలు దగ్గరే ఆగిపోతుంది, పాతది చెక్కుచెదరదు. మీ సాఫ్ట్‌వేర్ ఏ రకమో బయటినుంచి చూసి చెప్పలేం. కాబట్టి 'డిస్క్ ఫుల్' అని రాగానే ఆ విండో మూయకండి, మళ్లీ మళ్లీ సేవ్ కొట్టకండి. మీ పని ఇంకా ర్యామ్‌లో ఉంది. 'సేవ్ యాజ్'తో వేరే డ్రైవ్‌లోకి రాయండి. శుభ్రం చేసుకోవడం ఆ తర్వాత.

అపోహ: ఇంకా 40 జీబీ ఖాళీ చూపిస్తోంది కాబట్టి 'నో స్పేస్ లెఫ్ట్' అన్నది తప్పుడు మెసేజ్.

వాస్తవం: మెసేజ్ నిజమే, అయిపోయింది జీబీలు కాకపోవచ్చు, ఐనోడ్లు కావచ్చు. ఐనోడ్ అంటే ఒక ఫైలు వివరాలు రాసుకునే చిన్న నమోదు. కోల్డ్ స్టోరేజీలో గది ఖాళీగా ఉన్నా, రిజిస్టర్‌లో రాయడానికి గడి లేకపోతే కొత్త టిక్కీ లోపలికి వెళ్లదు కదా! లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకీ ఒక ఐనోడ్ కావాలి. ఎన్ని ఉండాలన్నది ఫార్మాట్ చేసినప్పుడే తేలిపోతుంది. మామూలు సెట్టింగ్‌లో ప్రతి 16,384 బైట్లకి ఒకటి, అంటే 100 జీబీ పార్టిషన్‌కి సుమారు 65 లక్షలు. వెబ్ సెషన్ ఫైళ్లు, మెయిల్ క్యూ, థంబ్‌నెయిళ్ల క్యాష్ లాంటి చిన్న ఫైళ్లు పేరుకుంటే జీబీల కన్నా ముందు ఇవి అయిపోతాయి. లినక్స్ టెర్మినల్‌లో 'డీఎఫ్ -ఐ' కొడితే ఐయూజ్ కాలమ్‌లో 100 శాతం కనిపిస్తుంది. ఏ ఫోల్డర్‌లో పేరుకున్నాయో 'డీయూ --ఐనోడ్స్' చెబుతుంది. అక్కడ 'ఆర్ఎం' పక్కన నక్షత్రం పెడితే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అని ఆగిపోవచ్చు. 'ఫైండ్'కి '-డిలీట్' జోడించి తీసేయండి, అయితే ముందు '-డిలీట్' లేకుండా ఒకసారి నడిపి ఏమేం పోతాయో చూసుకోండి. ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు ఐనోడ్లని అవసరాన్నిబట్టి పుట్టిస్తాయి, కాబట్టి ఈ బాధ వాటిలో అరుదు.

అపోహ: డిలీట్ చేస్తే చోటు ఆ క్షణమే వస్తుంది.

వాస్తవం: లినక్స్‌లో డిలీట్ చేస్తే పోయేది పేరు. ఏదైనా ప్రోగ్రాము ఆ ఫైలుని తెరిచి పట్టుకుని ఉంటే బ్లాకులు అలాగే ఉంటాయి. 20 జీబీ లాగ్ తీసేశాక కూడా 'డీఎఫ్' కదలకపోతే కారణం ఇదే కావచ్చు. 'ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' కొడితే పట్టుకున్నదెవరో తెలుస్తుంది. ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. వాడుకలో ఉన్న లాగ్‌ని డిలీట్ చేయకుండా 'ట్రంకేట్ -ఎస్ 0'తో ఖాళీ చేయడం మేలు. విండోస్‌లో అయితే రీసైకిల్ బిన్ చూడండి. అందులోకి వెళ్లినవి అదే డ్రైవ్‌లో చోటు తింటూనే ఉంటాయి.

అపోహ: ఈఎక్స్‌టీ4 డిస్క్‌లో దాచుకునే 5 శాతం చోటు దండగ.

వాస్తవం: డిస్క్ నిండినా రూట్ (అడ్మిన్ ఖాతా) లాగిన్ అయి బాగుచేయడానికే అది ఉంది. 4 టీబీ డేటా డిస్క్‌లో మాత్రం 200 జీబీ ఆపడం ఎక్కువే. అక్కడ 'ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1' పెట్టుకోవచ్చు. సిస్టమ్ ఉన్న పార్టిషన్ జోలికి పోకండి. ఇంకో మాట, రూట్‌గా నడిచే ప్రోగ్రాము ఆ 5 శాతాన్నీ వాడేసుకోగలదు.

అపోహ: పూర్తిగా నిండినా ఎప్పుడైనా ఏదో ఒకటి డిలీట్ చేసుకోవచ్చు.

వాస్తవం: బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు పాత బ్లాకు మీదే రాయవు, కొత్త చోట రాస్తాయి. అంటే డిలీట్ చేయడానికీ కాస్త చోటు కావాలి. అందుకే జెడ్ఎఫ్ఎస్ పూల్‌లో మామూలుగా 32వ వంతు పక్కన పెట్టుకుంటుంది. స్నాప్‌షాట్ (ఒకానొక క్షణంలో ఫైళ్లు ఉన్న స్థితిని దాచుకున్నది) పట్టుకున్న ఫైలైతే డిలీట్ చేసినా చోటు రాదు, స్నాప్‌షాట్ కూడా తీసేయాలి. బీటీఆర్ఎఫ్ఎస్‌లో చిక్కు ఇంకోటి. డేటాకీ, మెటాడేటాకీ (ఫైళ్ల వివరాలకీ) చంకులు, అంటే డిస్క్‌లో కేటాయించిన పెద్ద ముక్కలు, వేరువేరు. డిస్కంతా డేటా చంకులకే పంచేస్తే, అవి సగం ఖాళీగా ఉన్నా మెటాడేటాకి కొత్త చంక్ దొరకదు. 'బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్'లో అన్అలొకేటెడ్ దాదాపు సున్నా ఉంటే ఇదే జబ్బు. ఖాళీ చంకులని విడిపించే 'బ్యాలెన్స్ స్టార్ట్ -డీయూసేజ్=0'తో మొదలుపెట్టి, తర్వాత 5, 10 అంటూ పెంచండి. అదీ నడవకపోతే ఒక యూఎస్‌బీ డిస్క్‌ని 'డివైస్ యాడ్'తో కలిపి బ్యాలెన్స్ చేసి, 'డివైస్ రిమూవ్' పూర్తయ్యాకే ఊడదీయండి. ముందే లాగితే ఫైల్ సిస్టమే పోవచ్చు. యాడ్ చేయగానే ఆ డిస్క్‌లో పాతదేదీ మిగలదని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 6 జీబీ పెళ్లి వీడియో ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ నకిలీది.

వాస్తవం: ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండి ఉండొచ్చు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి ఒక బైటు తక్కువ దాకానే. లోపలున్నవి వేరేచోట కాపీ చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

అపోహ: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఆగిపోతే 'పీజీ_వాల్' ఫోల్డర్ ఖాళీ చేస్తే సరి, అవి లాగులేగా.

వాస్తవం: అవి చదువుకునే లాగులు కావు, ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే వాల్ ఫైళ్లు. డేటాబేస్ తిరిగి లేవడానికి అవే ఆధారం. చేత్తో తీసేస్తే డేటాబేస్ లేవకపోవచ్చు, లేచినా లెక్కలు చెడిపోవచ్చు. ముందు అదే డిస్క్‌లో డేటాబేస్‌కి సంబంధం లేనివి, అంటే పాత బ్యాకప్‌లు, ఇన్‌స్టాలర్లు, వేరే డ్రైవ్‌కి తరలించండి, లేదా పార్టిషన్ పెంచండి. సర్వర్ లేచాక వాల్ ఎందుకు పేరుకుందో చూడండి. సాధారణంగా విఫలమవుతున్న ఆర్కైవ్ కమాండో (వాల్‌ని వేరేచోట దాచేది), వాడని రెప్లికేషన్ స్లాటో (ఇంకో సర్వర్ కోసం వాల్‌ని ఆపి ఉంచేది) దొరుకుతుంది. ఆర్కైవ్ కమాండ్‌ని సరిచేస్తే, పనికిరాని స్లాట్‌ని తీసేస్తే, తర్వాతి చెక్‌పాయింట్ల దగ్గర అక్కర్లేని వాల్ ఫైళ్లని పోస్ట్‌గ్రెసే తీసేసుకుంటుంది.