చెయ్యి నొక్కమంటే తెలిసిందా?

నెల్లూరు నుంచి చెన్నైలోని మాధవరం వస్తున్న బస్సు రెడ్‌హిల్స్ దాటాక బోల్తా పడిందనుకుందాం. ఇరవై మందికి గాయాలు, వచ్చిన 108 అంబులెన్సు ఒకటే. కాలు విరిగి కేకలు పెడుతున్న మనిషిని దాటుకుని సిబ్బంది చప్పుడు లేకుండా పడి ఉన్నవారి దగ్గరికి వెళతారు. చూసేవాళ్లకు కడుపు మండిపోతుంది. కానీ కేక వేస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే.

ఇలాంటి చోట ఎవరిని ముందు చూడాలో వరుస తేల్చడానికి పుట్టిన పద్ధతుల్లో ఒకటి 'స్టార్ట్'. 1983లో కాలిఫోర్నియాలో హోగ్ ఆసుపత్రి, న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక శాఖ కలిసి దీన్ని తయారుచేశాయి. మనిషికి ఒక నిమిషం, అంతే. నడిచి రాగలిగినవారికి ఆకుపచ్చ చీటీ. మిగిలినవారిలో ముందు ఊపిరి చూస్తారు. ఆడకపోతే తల సర్ది గాలిదారి తెరుస్తారు. అప్పుడు ఆడితే ఎరుపు, అంటే వెంటనే చికిత్స. ఆడకపోతే నలుపు, అంటే ఇక దక్కరని వదిలి ముందుకు వెళ్లడం. గాయపడినవారు ఒక్కరే అయితే ఆ మనిషి కోసం చివరిదాకా పోరాడేవారే. ఇరవై మందిలో ఆ సమయం ఒకరి మీదే పెడితే, రక్తం పోతున్న ఇంకొకరు దక్కరు. ఈ ఉద్యోగంలో ఇంతకంటే బరువైన క్షణం ఉండదని నా నమ్మకం.

ఊపిరి నిమిషానికి 30 సార్లు మించినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా ఎరుపే. రక్తపోటు కొలిచేదాకా ఆగరు. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో లీటరు పోయినా రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచుకుని, రక్తపోటును చాలాసార్లు నిలబెట్టేస్తాయి. తొడ ఎముక విరిగితే లోపలే లీటరుకు పైగా చేరవచ్చు, బయటికి చుక్క కనబడదు. అందుకే ఆకుపచ్చ చీటీ ఉన్నవారిని కూడా మళ్లీ మళ్లీ చూడాలి.

చివరి పరీక్ష ఒక చిన్న మాట: "చెయ్యి నొక్కండి." నొక్కలేకపోతే మెదడుకు ఏదో అయిందని ఎరుపు చీటీ, నొక్కితే పసుపు, అంటే కాస్త ఆగగలరని. చెన్నైలో ఏళ్లుగా ఉంటున్న తెలుగువాడిగా నేను ఆగిపోయేది ఇక్కడే. ఆ మాట తమిళంలో "కైయ అముక్కుంగ" అని వినబడుతుంది. అప్పుడే బస్సు దిగాల్సిన మన ఊరి పెద్దాయనకు అది తెలియకపోతే? స్పృహ ఎంతుందో మార్కుల్లో చెప్పే, 1974లో వచ్చిన గ్లాస్గో కొలతలోనూ ఇదే చిక్కు. 15 మార్కుల్లో 5 మాటకు, 6 కదలికకు. చెప్పినట్టు చేస్తేనే ఆ 6 పూర్తిగా పడతాయి. అనుభవమున్న సిబ్బంది సైగ చేసి చూస్తారు, నిజమే. అయినా సొంత భాషకు సైగ సాటిరాదు.

అలాంటప్పుడు అక్కడ తెలుగు వచ్చినవారు ఉంటే, గాయపడినవారి మెడ కదపకుండా, లేపి కూర్చోబెట్టకుండా, సిబ్బందిని అడిగి పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. "పెద్దాయనా, నా చెయ్యి నొక్కు" అని గట్టిగా అడగాలి. నొక్కాడో లేదో ఉన్నదున్నట్టు చెప్పాలి.