ఒంటి మాట వినకూడని ఉద్యోగం

నేవీ డే దగ్గర పడుతోందంటే వైజాగ్‌లో విమానాల మోత మొదలవుతుంది. ఇక్కడి నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచినవి ఆర్కే బీచ్ మీద రిహార్సల్స్ చేస్తుంటే, అసలు షో రోజు జనంలో నలిగిపోవడం ఇష్టం లేనివాళ్లం ముందే వెళ్లి ముంత మసాలా తింటూ తీరిగ్గా చూసొస్తాం. ఈసారి మా మేనల్లుణ్ణి తీసుకెళ్లాను. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నాలుగు హాక్ శిక్షణ జెట్ విమానాలు నీళ్ల మీంచి దూసుకొచ్చి ఒక్కసారిగా పైకి లేచేసరికి వాడి చేతిలో పొట్లం సగం ఇసకలో పడింది. "ఫైటర్ పైలట్ అవ్వాలంటే మామూలు దమ్ము సరిపోదు కదా మావయ్యా" అన్నాడు.

దమ్ము సంగతి తర్వాత, ముందు నీ కాళ్లు కొలవాలి అన్నాను.

వాడు జోక్ అనుకున్నాడు. ఇంటికొచ్చాక మా అక్క కుట్టుమిషన్ డ్రాయర్‌లోంచి టేపు తీసి నిజంగానే కొలిచాం. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌కి కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అది అందరికీ తెలిసిందే. కాలు పొడవు 99 నుంచి 120 లోపు ఉండాలని, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్యే ఉండాలని, తొడ పొడవు 64 దాటకూడదని మాత్రం చాలామందికి తెలీదు. కాక్‌పిట్‌ని మన కోసం సాగదీయరు కదా. కాళ్లు పొట్టివైతే పెడల్స్ అందవు. తొడ మరీ పొడవైతే, ప్రాణం మీదకొచ్చి సీటుతో సహా బయటికి ఎగరాల్సినప్పుడు మోకాళ్లు ముందున్న అంచుకి కొట్టుకుంటాయి. వాణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టి వెనక నుంచి మోకాలి చిప్ప దాకా కొలిస్తే 63 వచ్చింది. ఒక్క సెంటీమీటరు మిగిలింది, వీడేమో ఇంకా ఎదుగుతున్నాడు! రెండు రోజులు ఇంట్లో అదే టెన్షన్.

పరీక్షల దారి గురించి ఎక్కువ చెప్పను, ఎక్కడైనా దొరుకుతుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే ఎన్‌డీఏ, డిగ్రీ తర్వాతైతే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్, ఆపైన ఐదు రోజుల ఇంటర్వ్యూ. అందులో ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి. పైలట్ కావాలనుకునేవాళ్లకి సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద ఒక పరీక్ష ఉంటుంది. తెర మీద కదిలేదాన్ని చేతులతో, పాదాలతో అదుపు చేస్తూ, అదే సమయంలో ఇంకో పని మీద కూడా బుర్ర పెట్టగలవా లేదా అని చూస్తారు. జీవితంలో ఒక్కసారే. ఎంసెట్ పోతే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరినట్టు ఇక్కడ కుదరదు. పోయిందంటే సైన్యంలో వేరే ఉద్యోగం చూసుకోవాలే తప్ప పైలట్ సీటు దక్కదు. క్రూరంగా అనిపిస్తుంది గానీ, చదివి తెచ్చుకునేది కాదు కాబట్టి మళ్లీ మళ్లీ పెట్టినా లాభం లేదన్నది వాళ్ల లెక్క.

ఇక అసలు కథ. విమానం ఒక్కసారిగా పైకి లేచినప్పుడు లోపల కూర్చున్నవాడి ఒంటికి ఏమవుతుంది?

గుండెకీ మెదడుకీ మధ్య ఎడం సుమారు ఒక అడుగు. గుండె కింద ఉండి నెత్తురుని ఆ అడుగు ఎత్తుకి తోడుతుంటుంది, అచ్చం మన అపార్ట్‌మెంట్ మోటారు పైన ట్యాంకుకి నీళ్లు ఎక్కించినట్టు. మామూలుగా కూర్చుంటే ఆ ఎత్తుకి పోయే ఒత్తిడి 22 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంటే బీపీ మిషన్ చూపించే లెక్కలోనే. గుండె 120తో తోస్తోంది కాబట్టి మనకి తెలీదు. విమానం గట్టిగా మలుపు తిరిగి ఒంటి బరువు ఐదింతలైతే (దాన్నే 5 జీ అంటారు) నెత్తురు బరువూ ఐదింతలే, ఆ 22 కాస్తా 110 అవుతుంది. పైకి చేరేది పెద్దగా మిగలదు. ముందు కళ్లు దెబ్బతింటాయి, ఎందుకంటే కంటి లోపల సొంత ఒత్తిడి కొంత ఉంటుంది, దాన్ని దాటి నెత్తురు వెళ్లాలి. రంగులు వెలిసిపోతాయి, పక్కల నుంచి చీకటి ముసురుకొస్తుంది, తర్వాత అంతా నలుపు. మెలకువగానే ఉంటాడు, రేడియో వినిపిస్తూనే ఉంటుంది, కనపడదంతే. అక్కడితో ఆగకపోతే స్పృహ తప్పుతుంది. సగటున ఓ 12 సెకన్లు ఏమీ తెలీదు, తేరుకున్నాక ఇంకో 12 సెకన్లు ఎక్కడున్నాడో అర్థం కాదు. గంటకి 900 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 250 మీటర్లు. లెక్కేసుకోండి, ఆర్కే బీచ్ దగ్గర తెలివి తప్పినవాడికి కైలాసగిరి దాటాక గానీ బుర్ర పూర్తిగా పనిచేయదు, అదీ ఈలోగా విమానం సముద్రంలో పడకపోతే.

అందుకే కాళ్లకీ పొట్టకీ గాలితో ఉబ్బి బిగుసుకునే జీ-సూట్ వేసుకుంటారు. అది కొంతే ఆదుకుంటుంది. మిగతాది పైలట్ తన కండలతో చెయ్యాలి: పిక్కలు, తొడలు, పొట్ట బిగబట్టి, ఊపిరి ఆపి ముక్కుతూ, మూడేసి సెకన్లకోసారి చటుక్కున గాలి మార్చుకుంటూ, అదే సమయంలో పక్క విమానం ఎక్కడుందో చూస్తూ, మాట్లాడుతూ. ఈ విద్యని బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మనిషిని గిరగిరా తిప్పే యంత్రంలో కూర్చోబెట్టి నేర్పుతారు. ఇంకో సంగతి, గుండెకీ కంటికీ ఎడం తక్కువున్న పొట్టివాళ్లకి ఇందులో కాస్త వెసులుబాటు ఉంటుంది. మా ఇంట్లో అందరికంటే పొట్టి నేనే కాబట్టి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

అయితే నాకు అన్నిటికంటే వింతగా తోచేది జీ కాదు, చెవి. అరకు ఘాట్ రోడ్డులో మనకి వాంతులు తెప్పించేది అదే. లోపలి చెవిలో మూడు సన్నటి అర్ధచంద్రాకారపు గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం. తల తిరిగితే గొట్టం కదులుతుంది, ద్రవం వెనకబడుతుంది, ఆ తేడాని బట్టే "తిరుగుతున్నాం" అని మెదడుకి కబురు వెళ్తుంది. బకెట్‌లో నీళ్లు పోసి బకెట్‌ని తిప్పి చూడండి. మొదట నీళ్లు కదలవు, కాసేపటికి బకెట్‌తో సమానంగా తిరుగుతాయి. బకెట్‌ని ఆపినా నీళ్లు ఆగవు.

వాణ్ణి మా ఇంట్లో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకి తువ్వాలు కట్టాను. ఎటు తిరుగుతున్నట్టు అనిపిస్తే అటు బొటనవేలు చూపించమన్నాను. కుడివైపుకి ఒకే వేగంతో తిప్పుతున్నాను. మొదట వేలు కుడికి బాగానే చూపించాడు. పదిహేను, ఇరవై సెకన్లయ్యాక వేలు మెల్లగా నిటారుగా అయిపోయింది. "ఆపేశావేంటి?" అన్నాడు. నేను తిప్పుతూనే ఉన్నాను. అప్పుడు నిజంగా ఆపాను. వేలు టక్కున ఎడమకి పోయింది. "ఇప్పుడు రివర్స్‌లో తిప్పుతున్నావు." తువ్వాలు తీస్తే కుర్చీ కదలట్లేదు. ఆ మొహం చూడాలి మీరు.

మబ్బులోకి వెళ్లిన పైలట్‌కి జరిగేది ఇదే. మెల్లగా, సెకనుకి రెండు డిగ్రీల లోపు ఒరిగితే చెవి పసిగట్టనే పట్టదు. విమానం ఎంత ఒరిగిందో చూపించే డయల్ చూసి సరిచేసుకోగానే "రెండోవైపుకి పడిపోతున్నాం" అని ఒళ్లంతా అరుస్తుంది. ఒంటి మాట విని మళ్లీ ఒరగబెడితే సుడులు తిరుగుతూ కిందకే. రాత్రిపూట సముద్రం మీద మరీ ఘోరం. మన ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన బోట్ల దీపాలు, మంచు పట్టిన రాత్రి కైలాసగిరి మీంచి చూస్తే చుక్కలో దీపాలో తేల్చుకోలేం. కొండ మీద నిలబడ్డ మనమే తికమక పడితే, తలకిందులయ్యే అవకాశం ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది. అరచేతంత డయల్ ఒకటి చెబుతుంటే, పుట్టినప్పటి నుంచీ నమ్ముకున్న ఒళ్లు ఇంకోటి చెబుతుంటే, డయల్ మాటే వినాలి. శిక్షణలో నెలల తరబడి రుద్దేది దీన్నే.

ఆక్సిజన్ తక్కువైనప్పుడు కూడా ఒళ్లు ఇలాగే మోసం చేస్తుంది. 25,000 అడుగుల ఎత్తులో మాస్క్ తీసేస్తే పనికొచ్చే తెలివి మూడు నుంచి ఐదు నిమిషాలే, ఆ కాసేపూ చాలామందికి హాయిగా ఉంటుంది!

నేవీ వాళ్లది ఇంకా తిరకాసు. విక్రాంత్ లాంటి విమానవాహక నౌక మీద మిగ్-29కే యుద్ధ విమానం గంటకి 240 కిలోమీటర్ల వేగంతో దిగి, తోక కింది కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగకి తగులుకుని రెండున్నర సెకన్లలో ఆగాలి. చక్రాలు డెక్‌కి తగలగానే ఎవరికైనా వేగం తగ్గించాలనే ఉంటుంది కదా, పైలట్ మాత్రం ఇంజన్‌ని పూర్తిగా పెంచాలి, కొక్కెం తప్పితే మళ్లీ ఎగరడానికి. దీన్ని ముందు గోవాలో నేల మీద కట్టిన నమూనా డెక్ మీద సాధన చేస్తారు.

ఇవన్నీ ఎక్కడో జరిగేవి కావు. ఎయిర్‌ఫోర్స్ వాళ్ల దుండిగల్ అకాడమీ మన హైదరాబాద్ పక్కనే. ఇక హాక్ మీద నేవీ కుర్రాళ్లు నేర్చుకునేది ఇక్కడే, డేగాలో. 2025 జూలై 3న ఆస్థా పూనియా అక్కడే కోర్సు ముగించి రెక్కల బ్యాడ్జి అందుకుంది. నేవీ ఫైటర్ విభాగంలోకి వెళ్లిన మొదటి అమ్మాయి. అందరూ ఫైటర్ల వైపే వెళ్లరు, హెలికాప్టర్లు, పెద్ద విమానాలు కూడా ఉన్నాయి. బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉన్న టీయూ-142 సముద్రం మీద నిఘా పెట్టే విమానం, నేవీలో ఆ రకం విమానాలన్నీ కలిపి 29 ఏళ్లలో ఒక్క ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరాయి. విన్యాసాల కంటే నాకు ఆ లెక్కంటేనే గౌరవం, అన్ని గంటలు ఖాళీ సముద్రాన్ని చూస్తూ ఏమరకుండా ఉండడం సామాన్యమా.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి కుర్చీ హాల్లో ఉంది, తువ్వాలు కట్టుకుని మా అక్క అందులో ఉంది, వాడు పక్కన ఫోన్‌లో టైమ్ చూస్తున్నాడు.

"అమ్మా, ఆపేసి పది సెకన్లయింది."

"నోర్ముయ్. ఎడమకి తిప్పుతూనే ఉన్నావు, నాకు తెలీదా?"