చెవిలో కీచురాయి

పోయిన ఎండాకాలం ఒక రాత్రి తిరుపతిలో మా వీధికి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. దూరంగా రేణిగుంట వైపు పోయే రైలు కూత వినిపించింది, కాసేపటికి అదీ పోయింది. హమ్మయ్య, ఎంత నిమ్మళంగా ఉందో అనుకుంటుండగానే పక్క మంచం మీంచి అమ్మ, “ఆ కీచురాయి యాడుందో చూడ్రా నాయనా, చెవులు తినేస్తా ఉంది” అంది.

సెల్‌ఫోన్ లైటేసి బీరువా వెనకా, తలుపు మూలా వెతికాను. కీచురాయి లేదు. నాకసలు దాని కూతే వినపడలేదు. వెతకడం ఆపి ఊపిరి బిగబట్టి నిలబడితే మాత్రం సన్నగా ‘గుయ్’ అని ఒకటి మొదలైంది. అది గదిలోంచి కాదు, నా తలలోంచే వస్తోంది.

చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం అంటాం కదా. అర్ధరాత్రి ప్రశాంతంగా ఉన్న పడకగదిలో కూడా దాదాపు 30 డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది. పోనీ సున్నా డెసిబెల్స్ అంటే చప్పుడే లేదనా? కాదు. మంచి చెవి పట్టుకోగలిగిన అతి చిన్న చప్పుడు దగ్గర గీసుకున్న గీత అది. అక్కడ గాలి ఒత్తిడిలో వచ్చే తేడా 20 మైక్రోపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో 500 కోట్లలో ఒక వంతు. దానికి కర్ణభేరి కదిలే దూరం హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కన్నా తక్కువ. ఇంత నాజూకు యంత్రాన్ని తలలో పెట్టుకుని, రోజూ బస్టాండు హారన్ల మధ్య తిప్పుతున్నాం!

గీత కిందకి దిగిన గదులు కూడా ఉన్నాయి. గోడలకీ, పైకప్పుకీ, చివరికి నేల కింద కూడా పొడుగాటి స్పాంజి ముక్కలు బిగిస్తారు. మనం వల మీద నడవాలి. ఏ శబ్దమూ తిరిగి రాదు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ వాళ్ళ గదికి 2015లో మైనస్ 20.35 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డు వచ్చింది. ఇంకొంచెం దిగితే గాలి అణువులు ఒకదాన్నొకటి గుద్దుకునే సందడే మిగులుతుంది. గాలి ఉన్నంతవరకు ఆ సందడి తప్పదు. గాలి తీసేస్తే వినడానికి మనం ఉండం.

ఇలాంటి గదిలో ముప్పావుగంట మించి ఎవరూ ఉండలేరు, పిచ్చెక్కుతుంది అని ఒక కథ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది ఉత్తమాట, గంటలు గంటలు కూర్చున్నవాళ్ళున్నారు. అసలు విషయం భయం కాదు, లోపల వినిపించేది. 1951లో జాన్ కేజ్ అనే సంగీతకారుడు హార్వర్డ్‌లో ఇలాంటి గదిలోకి వెళ్ళి, రెండు శబ్దాలు విన్నానని బయటికొచ్చి చెప్పాడు. ఒకటి సన్నటిది, ఒకటి బరువైనది. సన్నటిది నీ నరాలది, బరువైనది నీ రక్తానిది అన్నాడట అక్కడి ఇంజనీరు. రక్తం సంగతి సరే. నరాల మాటని ఈరోజు ఎవరూ అంత సూటిగా ఒప్పుకోరు కానీ, ఆయన పూర్తిగా తప్పు కూడా కాదు.

ఎందుకంటే చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరాల పోగులు ఖాళీగా ఉండవు. ఏ శబ్దమూ లేనప్పుడు కూడా కొన్ని సెకనుకి పదులసార్లు కొట్టుకుంటూనే ఉంటాయి. లోపలి చెవిలో వేలకొద్దీ రోమకణాలు చిన్న చప్పుళ్ళని పెంచడానికి తామే కదులుతుంటాయి. ఆ కదలికల్లో చెవి తిరిగి శబ్దాన్ని బయటికి పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. పుట్టిన బిడ్డ చెవిలో బుల్లి మైకు పెట్టి వినికిడి పరీక్ష చేసేది ఈ శబ్దం కోసమే. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏదో ఒకటి వినిపించిందన్నారు.

నమ్మకం లేకపోతే ఇప్పుడే బొటనవేళ్ళు చెవుల్లో పెట్టుకుని పిడికిళ్ళు బిగించండి. దూరంగా లారీ పోతున్నట్టు గుర్రుమంటుంది. అది మీ కండరాల చప్పుడు.

తిరుపతి దగ్గర, టోల్‌గేటు పేరుతో మా ఊరివాళ్ళకు తెలిసిన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడార్ 1,024 ఏంటెనాలతో పైగాలి నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులని వింటుంది. రేడియో తరంగాల ప్రతిధ్వనులే అనుకోండి. చుట్టూ కొండలుండడంతో ఊళ్ళ గోల అంతగా తగలదు. అయినా 53 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంత నుంచి వచ్చే హోరు ఉంటుంది, దానికి ఏ కొండా అడ్డు రాదు. రాడార్ దాన్ని లెక్కగట్టి పక్కకు తోసి తన పని చేసుకుంటుంది. మన మెదడు కూడా దాదాపు అదే చేస్తుంది, పగలంతా లోపలి హోరుని పట్టించుకోదు.

వయసు మీదపడి చెవి మందగిస్తే ఈ లెక్క తప్పుతుంది. బయటి నుంచి రావలసింది తగ్గేసరికి, సరిగా వినపడని రేడియోకి మనం వాల్యూమ్ పెంచినట్టు మెదడు పెంచుతుంది. అప్పుడు పాట కన్నా గరగర ఎక్కువవుతుంది. అమ్మ చెవిలో కూసింది అదే. పూర్తిగా చెవుడు వచ్చినవాళ్ళలోనూ చాలామందికి ఈ మోత ఉంటుంది కాబట్టి, వినపడనివాళ్ళకైనా నిశ్శబ్దం దొరుకుతుందని అనుకోలేం. (ఒక చెవిలోనే ఉన్నట్టుండి మోత మొదలైనా, వినికిడి తగ్గినా ఈ వ్యాసం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.)

మరి ఫ్యాను ఆగగానే నాకు ‘వినిపించిన’ ఆ నిమ్మళం ఏమిటి? 2023లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గోల మధ్యలో నిశ్శబ్దపు ఖాళీలు పెట్టి వినిపించారు. అవే నిడివి ఉన్నా, రెండు ముక్కలుగా వచ్చిన నిశ్శబ్దం కన్నా ఒకటిగా వచ్చినదే ఎక్కువసేపున్నట్టు జనానికి తోచింది. మామూలు శబ్దాలతో జరిగే భ్రమే ఇది. అంటే నిశ్శబ్దాన్ని మెదడు చప్పుడు లెక్కలోనే కడుతోంది. నేను ఆ రాత్రి విన్నది ఫ్యాను లేకపోవడాన్ని.

అమ్మకి ఇదంతా చెప్పబోయాను. ఇంతలో కరెంటు వచ్చింది, ఫ్యాను గరగరమని అందుకుంది.

“పోయిందిరా” అని అటు తిరిగి పడుకుంది.