ఏసీ ఉంటే హస్కీని పెంచొచ్చా? కుక్కను తెచ్చుకునే ముందు అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరితే చాలు, నల్లగొండలో మా క్లినిక్‌కు ఒకటే ప్రశ్న. "సార్, హస్కీ పిల్లను చూసినం. ఇంట్ల ఏసీ ఉంది. ఏం గాదు గదా?"

అపోహ: ఏసీ ఉంటే ఏ జాతైనా మన దగ్గర ఉంటుంది.

వాస్తవం: హస్కీని ఈశాన్య సైబీరియాలో చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగడానికి పెంచారు. దానికి రెండు పొరల బొచ్చుతో పాటు, రోజూ బాగా పరిగెత్తాలనే తపన కూడా పుట్టుకతోనే ఉంటుంది. వేడికి ఏసీ కొంత పనికొస్తుందేమో, పరుగుకేం చేస్తుంది? మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు మామూలే. పొద్దున ఏడు దాటితే బయటికి తీసుకుపోలేరు, రాత్రయినా సీసీ రోడ్డు సెగ తగ్గదు. ఇక కుక్క రోజంతా గదిలోనే. సోఫా చీలుస్తుంది, తలుపు గీకుతుంది, ఊళ పెడుతుంది. "మొండిది సార్, మాట వినదు" అంటూ మళ్లీ నా దగ్గరికే వస్తారు.

పైగా కరెంటు పోతే? మిర్యాలగూడ నుంచి ఒకాయన తన హస్కీని కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చారు. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇంట్లో ఎవరూ లేరు. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉండాల్సిన టెంపరేచర్ 107 దాటింది. అదృష్టం కొద్దీ బతికింది. ఆయన ముఖం చూశాక కోప్పడాలనిపించలేదు. అమ్మినవాడు "ఏసీ ఉంటే చాలన్నా" అన్నాడట. నా కోపమంతా వాడి మీదే.

ఇలాంటప్పుడు ఐసు గడ్డలు రుద్దకండి. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే బయల్దేరండి. బొచ్చు గొరిగిస్తే చల్లబడుతుందన్నదీ తప్పే. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాపి రొప్పి చల్లబడుతుంది. ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది కూడా. రాలే బొచ్చును దువ్వి తీస్తే చాలు.

చిన్నది కాబట్టి పగ్ సులువనుకుంటారు. ముక్కే అణిగిపోయిన కుక్క ఎండలో ఎట్లా రొప్పుతుంది? హస్కీకి చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ల్యాబ్రడార్ మంచిదే, కానీ పొద్దున, సాయంత్రం నడిపించే మనిషి ఇంట్లో ఉండాలి. లేకుంటే ఏడాది తిరిగేసరికి బస్తాలా తయారవుతుంది.

ఊరకుక్కకు బుద్ధి రాదనేది వట్టి మాట. నేర్పితే నేర్చుకుంటుంది, మన ఎండకు తట్టుకుంటుంది. టీకాలు మాత్రం దానికీ తప్పవు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్లు.

భార్యాభర్తలిద్దరూ డ్యూటీకి పోయే ఇల్లయితే పిల్లకుక్క జోలికి పోకండి. దానికి పూటకోసారి తిండి, గంటగంటకూ ఒక కన్ను కావాలి. రెండు, మూడేళ్ల కుక్కను చూసుకోండి. దాని గుణం ముందే తెలిసిపోతుంది. చంటిబిడ్డ ఉన్న తల్లులు భయపడుతూ అడిగినప్పుడూ నేనిదే చెప్తాను. ఎంత సాధువైన కుక్కయినా సరే, బిడ్డతో ఒంటరిగా వదలొద్దు, అంతే.

మిగతావి గబగబా. ఇరవై గోళ్లుంటే అసలు జాతి: కాదు. అంగిలి నల్లగా ఉంటే చురుకైనది: కాదు. వెంట్రుక మింగితే ఉబ్బసం: కాదు, అలర్జీ దాని చర్మపు పొట్టుతో, ఎంగిలితో వస్తుంది.

"నెల పిల్లయితేనే మచ్చిక అవుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకండి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనలే చెప్తున్నాయి. అంత ముందే తల్లిని వదిలిన పిల్లలు పార్వో అనే వైరస్ జబ్బుతో రక్త విరేచనాలై నా టేబుల్ మీదికి వస్తుంటాయి. ఎవరైనా నెల పిల్లను చేతిలో పెడితే బేరం అక్కడే ఆపి లేచి రండి.