హైవేకి ఎన్ని సీసీల బండి కావాలి? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ కొత్తపేటలో నాది బైక్ రిపేర్ షాపు. విజయవాడ హైవే ఎక్కబోయేవాళ్లు, దిగి వచ్చినవాళ్లు రోజూ వస్తుంటారు. బండి కొనేముందు వాళ్లు నన్ను అడిగేవాటిలో ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: సీసీ ఎంత తక్కువైతే మైలేజ్ అంత ఎక్కువ, హైవేలో కూడా.

సిటీలో నిజమే. హైవేలో ఇంజిన్ పోరాడేది గాలితో. స్పీడ్ 60 నుంచి 80కి పెరిగితే ఎదురుగాలి బరువు దాదాపు 1.8 రెట్లవుతుంది. ఇద్దరు మనుషులు, బ్యాగులతో 100 సీసీ బండి 80లో పోవాలంటే రేజు పూర్తిగా తిప్పి పట్టుకోవాల్సిందే. అప్పుడు సిటీలో వచ్చే మైలేజ్ రాదు.

పోయిన ఎండాకాలం ఒకాయన భార్యతో సూర్యాపేట నుంచి 100 సీసీ బండి మీద వచ్చారు. "ఇంజిన్‌లో టకటక సౌండ్ వస్తోందన్నా" అన్నారు. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూశాను. కొసకు కూడా ఆయిల్ అంటలేదు. వారం వారం అదే దారి, అదే ఫుల్ రేజు. బోర్ విప్పితే పిస్టన్ మీద నిలువు గీతలు, గోటికి తగులుతున్నాయి. హాఫ్ ఇంజిన్ పని, అంటే బోర్, పిస్టన్ బాగుచేసే పని, చేయక తప్పలేదు. పెట్రోలు మీద ఆయన మిగుల్చుకున్నదంతా ఆ పనికే పోయింది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే బండి తప్పేం లేదు. దానికి మించిన పని చేయించారు.

అపోహ: హైవే అంటే 350 సీసీ ఉండాల్సిందే.

సీసీ పెరిగినంత మాత్రాన పవర్ పెరగదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పవర్ సుమారు 20 బీహెచ్‌పీ, కేటీఎమ్ 200 డ్యూక్‌ది సుమారు 25. టార్క్‌లో, అంటే లాగే బలంలో మాత్రం 350దే పైచేయి: 27 ఎన్ఎమ్, డ్యూక్‌ది 19 చిల్లర. రోజూ వంద కిలోమీటర్లు తిరిగి, లగేజీతో నిదానంగా పోయేవాళ్లకు 350 హాయి. కానీ సిటీ చుట్టూ ఉన్న అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. ఏ హైవే ఎక్కాలన్నా ముందు ట్రాఫిక్‌లో ఆ బరువును మోయాలి.

ఒక్కరే వెళ్తే 150, 160 సరిపోతుంది. ఎప్పుడూ ఇద్దరైతే 180 నుంచి 250 మధ్య చూడండి. 80లో పోతున్నా లారీని దాటడానికి ఇంకా ఊపు మిగిలి ఉంటుంది. ఇంకో మాట: 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (సడన్ బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి చేశారు. హైవేలో తిరిగేవాళ్లకు మైలేజ్ కన్నా నేను ముందు చూడమనేది దీన్నే.

అపోహ: 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు పోస్తే మైలేజ్ పెరుగుతుంది.

మామూలు పెట్రోలుకు తయారైన ఇంజిన్‌కు దాంతో లాభం లేదు. ఆ డబ్బుతో చైన్‌కు లూబ్ కొట్టించండి, టైర్లలో గాలి చూసుకోండి.

అపోహ: ఎప్పుడూ టాప్ గేర్‌లో ఉంటేనే పెట్రోలు తక్కువ తాగుతుంది.

శ్రీశైలం ఘాట్‌లో ఇలా చేసి క్లచ్ ప్లేట్లు కాల్చుకున్న బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి. ఎక్కేటప్పుడు ఇంజిన్ గుబగుబలాడిందంటే గేర్ తగ్గించండి.

అపోహ: మీటర్ మీద కనపడే మైలేజే అసలు మైలేజ్.

ట్యాంక్ నిండా పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. తిరిగొచ్చాక అదే బంకులో, అదే స్టాండ్ మీద మళ్లీ నింపండి. 246 కిలోమీటర్లు తిరిగితే 5.6 లీటర్లు పట్టిందనుకోండి, అసలు లెక్క 44.