పెద్దయ్యాక ఈత: ఒంటికి నమ్మకం కుదిరేదెలా?

ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, నిండా గాలి పీల్చి, మోకాళ్లను రెండు చేతులతో చుట్టుకుని తల లోపలికి వంచండి. పక్కన కోచ్ ఉన్నప్పుడే సుమా. ఒక్క క్షణం కిందికి దిగుతున్నట్టు అనిపిస్తుంది, ఆ వెంటనే వీపు పైకి తేలుతుంది. ఈత రాని పెద్దవాళ్లు చాలామంది మొదటిసారి ఇలా తేలి లేచాక, ముఖం తుడుచుకుంటూ ఆశ్చర్యంగా అనే మాట ఒకటే: "మునగలేదే!"

ఇందులో వింతేమీ లేదు. ఎముక, కండ నీటి కంటే బరువు. కొవ్వు తేలిక. ఊపిరితిత్తుల్లోని గాలి మరీ తేలిక. గాలి నిండా ఉన్నప్పుడు చాలామంది ఒంటి సాంద్రత మంచినీటి సాంద్రత కంటే కాస్త తక్కువగా ఉంటుంది, గాలంతా వదిలేస్తే కాస్త ఎక్కువవుతుంది. తేలడానికీ మునగడానికీ మధ్య తేడా అంత స్వల్పం. వెనకటికి పల్లెల్లో పిల్లల్ని బావిలోకి దించే ముందు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టింది అందుకే. ఆ కొద్దిపాటి తేలిక చాలు. పెద్దవాళ్ల తల దాదాపు 5 కిలోలు ఉంటుంది. అది నీళ్లలో ఉన్నంతసేపు భారమంతా నీళ్లే మోస్తాయి. కంగారుపడి తల పైకెత్తామా, ఆ బరువు మన మీద పడుతుంది, నడుమూ కాళ్లూ కిందికి జారిపోతాయి. మునిగిపోతానేమోనన్న భయమే మనిషిని ముంచే భంగిమలోకి తెస్తుంది.

ఇదంతా తెలిసినవాళ్లు కూడా కొలను అంచున రాడ్ వదలరు. ఆర్కిమెడీస్ సూత్రం పిల్లలకు పాఠం చెప్పే మాస్టారైనా అంతే. నీళ్లలో ధైర్యం బుర్రకు నచ్చజెబితే వచ్చేది కాదు. ఒంటికి రుజువులు కావాలి, అదీ ఒక్కొక్కటిగా.

ముందుగా తేలాల్సింది ఊపిరి సంగతి. కొత్తవాళ్లు ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగబడతారు. తల పైకి రాగానే ఆ అర సెకనులోనే పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చాలని చూస్తారు. వదలడం సగంలో ఆగుతుంది, ఇక పీల్చడానికి చోటుండదు. నాలుగైదు సార్లు ఇలా అయ్యేసరికి ఒకటే ఆయాసం. "నాకు స్టామినా లేదండీ, ఈ వయసులో ఇక రాదు" అంటూ గట్టెక్కేస్తారు. నిజానికి ఊపిరాడనట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ కొరత కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే మెదడు అడుగు భాగం పసిగట్టి మోగించే గంట అది. పైగా మెడ లోతు నీళ్లలో నీటి ఒత్తిడి ఛాతీని నొక్కుతుంది, అందుకే ఊరికే నిలబడినా ఊపిరి బరువుగా అనిపిస్తుంది. దాన్ని కొత్తవాళ్లు తమ భయమనుకుని ఇంకా భయపడతారు. కోచ్‌లు మొదటి వారమంతా "బబుల్స్, బబుల్స్" అని అరిచేది ఇందుకే. ముక్కుతో, నోటితో నీళ్లలోనే మెల్లగా గాలి వదిలేస్తే, తల తిప్పినప్పుడు పీల్చడమొక్కటే మిగులుతుంది. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ పోతుంది. అయితే మునిగే ముందు గబగబా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్ తగ్గించుకునే ప్రయోగం మాత్రం ఎవరూ చేయకూడదు. గంట మోగకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది.

ఒంటికి రుజువులు కూడబెట్టడం ఎలాగో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా పాముల దగ్గర చూపించాడు. 1969లో ఆయన బృందం పామంటే వణికిపోయేవాళ్ల మీద పలు పద్ధతులు పోల్చి చూసింది. అన్నిటికంటే బాగా పనిచేసింది, పక్కన ఒకరుండి కొద్దికొద్దిగా చేయించడం. ముందు తాను పామును పట్టుకుని చూపించడం, తర్వాత అవతలి మనిషి చేత గ్లౌజు వేసుకుని తాకించడం, ఆపైన ఉత్త చేత్తో. పాము తలా తోకా తాను పట్టుకుని, మధ్యభాగం మాత్రం వాళ్ల చేతికివ్వడం. ఫలానా పని నేను చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో రాసిన వ్యాసంలో బందూరా నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో ఒంటి స్థితి. మొదటిదే అన్నిటికన్నా బలమైనది. "నువ్వు చేయగలవు" అని గట్టు మీంచి అరిచే మాట అన్నిటికన్నా చవకైనదని నాకనిపిస్తుంది.

రెండో మూలంలో "తనలాంటివాళ్లు" అన్న మాట ముఖ్యం. గోలి శ్యామల నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021లో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. వింటే గర్వంగా ఉంటుంది. కానీ మూడడుగుల నీళ్లలో నిలబడి వణుకుతున్న మనిషికి పాక్ జలసంధి చాలా దూరం. పోయిన నెల తనలాగే రాడ్ పట్టుకుని నిలబడి, ఇవాళ పక్క లేన్‌లో కిక్‌బోర్డు (నీళ్లలో తేలే పలక) పట్టుకుని సగం దూరం పోతున్న ఆంటీ ఆ మనిషికి ఎక్కువ పనికొస్తుంది.

పెద్దవాళ్లకు ఇంకో బరువుంది: సిగ్గు. సమ్మర్ బ్యాచ్‌లో ఆరేళ్ల పిల్లలు చేపల్లా తిరుగుతుంటే, పొట్ట లోపలికి పీల్చి మెట్ల మీద నిలబడటం మామూలు కష్టం కాదు. అందరూ తననే చూస్తున్నారనిపిస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం దీన్ని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించింది. వేసుకోవడానికి నామోషీ పడే టీషర్టు ఒకటి విద్యార్థి చేత వేయించి, కొందరు కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అంచనా వేశారు. గమనించింది పావు వంతు మందే. కొలనులో ఈ లెక్క ఇంకా తగ్గుతుందేమో, ఎవరి గాగుల్స్‌లోకి దూరిన నీళ్ల గొడవ వాళ్లది.

ఎక్కడ మనసు పెడుతున్నామన్నదీ తేడా తెస్తుంది. శరీర కదలికల మీద పరిశోధనలు చేసే గాబ్రియెలా వుల్ఫ్ తదితరులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, "చేతులు వెనక్కి లాగండి" అన్నప్పటి కంటే "నీటిని వెనక్కి నెట్టండి" అన్నప్పుడు ఈతగాళ్లు వేగంగా పోయారు. మోచెయ్యి సరిగ్గా ఉందా, కాలు వంగిందా అని ప్రతి కీలునూ తనిఖీ చేసుకునే పెద్దవాళ్లకు ఈ చిన్న మార్పు పనికొస్తుంది.

ఇక అందరినీ కుంగదీసే రోజొకటి వస్తుంది. షాలో ఎండ్‌లో హాయిగా ఈదుతున్న మనిషిని కోచ్ డీప్ ఎండ్‌కు తీసుకెళ్తాడు. కింద పలకలు మసకబారతాయి, కాలు కిందికి చాపితే ఏమీ తగలదు. అంతే, నేర్చుకున్నదంతా ఎగిరిపోయి మళ్లీ రాడ్ దగ్గరికి. "ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది" అనుకుంటారు. కాలేదు. వచ్చిన భయం చెరిగిపోదు, దాని పక్కన "ఇక్కడ ప్రమాదం లేదు" అనే కొత్త పాఠం రాసుకుంటుంది మెదడు. ఆ పాఠం చోటుకు అతుక్కుని ఉంటుంది. ఒక బోనులో భయం పోగొట్టుకున్న ఎలుకను వేరే బోనులో పెడితే భయం తిరిగొస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బౌటన్ ప్రయోగాలు చూపించాయి. కాబట్టి డీప్ ఎండ్‌లో మళ్లీ మొదటి నుంచి, కాకపోతే ఈసారి త్వరగా: రాడ్ పట్టుకుని బబుల్స్, కోచ్ పక్కనుండగా వెల్లకిలా తేలడం, గోడ నుంచి గోడకు అడ్డంగా ఒక చిన్న దూరం. వేర్వేరు కొలనుల్లో, వేర్వేరు వేళల్లో ఈదినవాళ్ల ధైర్యం ఎక్కువ కాలం నిలవడానికి కారణం కూడా ఇదే.

కొలనులో వచ్చిన ధైర్యం కృష్ణా కాలువ దగ్గరో, గోదావరి రేవులోనో చెల్లదు. అక్కడ పుట్టే సందేహాన్ని గెలవాలని చూడొద్దు, అది సరైన సందేహమే. అడుగు కనబడదు, ప్రవాహం పక్కకు లాగుతుంది, లోతు ఉన్నట్టుండి మారుతుంది. సిమెంటు చేసిన కాలువ గట్టు పాచి పట్టి జారుతుంటుంది, పట్టుకోవడానికి రాడ్ ఉండదు.