వాల్వు లోపలి వెండి పూత

పాత రేడియోను విప్పి చూసిన పాఠకుడొకరు అడిగారు: వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు రేడియోల్లో వాడిన, గాలి తీసేసిన గాజుబుడ్డీల) గాజు లోపల వెండి రంగు పూత ఎందుకుంది, మాడిపోయినట్టా అని. మాడలేదు. ఆ పూత మెరుస్తున్నంత కాలం లోపల శూన్యం భద్రంగా ఉన్నట్టే. తెల్లగా పాలిపోతే మాత్రం గాలి చొరబడిందని అర్థం.

వాల్వు ఎలా పనిచేస్తుందో చెప్పను, అది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాన్ని ఖాళీ చేసిన పద్ధతి దగ్గరే నా మనసు ఆగిపోతుంది. శూన్యం అంటే ఏమీ లేని చోటని బడిలో ఒక్క వాక్యంతో దాటేస్తాం. 1920లలో అమెరికా కర్మాగారాలు ఆ ఏమీ లేని చోటును తయారు చేయడానికి నానా తంటాలు పడ్డాయి.

అప్పట్లో పేరుమోసిన 201ఏ వాల్వునే చూడండి. దాని ఫిలమెంట్, అంటే లోపల వేడెక్కే సన్నని తీగ, థోరియం ఆక్సైడు కలిపిన టంగ్‌స్టన్. ఎలక్ట్రాన్లను ధారాళంగా వదిలేది, ఉపరితలం మీద ఒక్క పరమాణువు మందాన పరుచుకున్న థోరియం పొర. కొద్దిపాటి ఆక్సిజన్ తగిలినా అది చెడుతుంది. కాబట్టి లోపలి పీడనం వాతావరణ పీడనంలో దాదాపు వంద కోట్లో వంతుకు దిగాలి. అప్పటికీ ఘన సెంటీమీటరుకు సుమారు 3,000 కోట్ల అణువులు మిగులుతాయి. అయితే ఒకటి మరొకదాన్ని ఢీకొనాలంటే సగటున 50 మీటర్లు పోవాలి. కొన్ని సెంటీమీటర్ల గాజుబుడ్డిలో అంత చోటేదీ? అందుకని అణువులు గోడలకే తగులుతూ తిరుగుతాయి.

పెళ్లయిన మర్నాడు విడిదింటిని ఖాళీ చేయించడం ఎంత కష్టమో తెలిసినవారికి మిగతాది సులువు. మొదట జనమంతా ఒకరినొకరు తోసుకుంటూ బయటపడతారు. పలచబడ్డాక తోసేవారుండరు, ఎవరికి వారు తిరుగుతూ తిరుగుతూ గుమ్మం దాకా వస్తేనే వెళ్లినట్టు. పంపు కూడా ఈ దశలో లోపలివాటిని లాక్కురాలేదు, గుమ్మంలో కాచుకుని ఉంటుందంతే. గదుల్లో చాపలు వేసుకుని పడుకున్నవారు వేరే ఉన్నారు: గాజుకు అంటుకున్న నీటి అణువులు, ఎలక్ట్రాన్లను అందుకునే నికెల్ రేకులో ఇంకిన వాయువులు. వీళ్లను లేపాలంటే వేడి తగలాలి. గాజునైతే బయటినుంచి కాలుస్తారు. రేకును కాల్చడానికి బుడ్డి చుట్టూ రాగి తీగచుట్ట దించి, అందులో అధిక పౌనఃపున్య విద్యుత్తు పంపుతారు. గాజుకు ఏమీ కాదు. లోపలి రేకులో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి అది ఎర్రగా కాలుతుంది. ఇంత చేసినా తలుపు మూశాక ఏ మూలనుంచో ఒకరిద్దరు చుట్టాలు లేచి వస్తారు. వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ లేవనివ్వని పెద్దావిడే మన వెండి పూత. రేకుకు ముందే అతికించిన మెగ్నీషియం ముక్క ఆ వేడికి ఆవిరై గాజు మీద పేరుకుంటుంది, తగిలిన ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. తర్వాతి వాల్వుల్లో ఈ పని బేరియం చేసింది. అంతకు ముందే, 1890లలో, ఇటలీలోని ఉదినే పట్టణంలో అర్తూరో మాలిన్యాని విద్యుద్దీపాలలో ఎర్ర భాస్వరంతో ఇలాంటి పనే చేయించాడు. ఆ పేటెంటును ఎడిసన్ కంపెనీ కొనుక్కుంది.

ఇంత సున్నితమైన పని చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచింది. వాల్వులో ఎలక్ట్రాన్లను అదుపు చేసే తీగచుట్టను గ్రిడ్ అంటారు. దాన్ని చుట్టే యంత్రంలో రెండు నిలువు కడ్డీలు తిరుగుతుంటాయి. చిన్న చక్రం ఒకటి కడ్డీకి గాటు పెడుతుంది, గాటులో వెంట్రుక లాంటి తీగ పడుతుంది, ఇంకో చక్రం ఆ గాటును నొక్కి మూస్తుంది. అలా వచ్చిన గ్రిడ్‌ను పట్టకారుతో అందుకుని, కాలితో మీట తొక్కి, స్పాట్ వెల్డింగుతో అతకాలి. వేలి చెమట అంటితే దాని ఉప్పు వాల్వును పాడుచేస్తుంది. బట్టల నూగు పడినా అంతే. గాజు అతికే చోట గ్యాసు మంటల సెగ. పంపుల్లోనేమో మరిగే పాదరసం. పంపు గాజు పగిలిందంటే ఆ విషం నేలమీదికొచ్చినట్టే. వాల్వును కాపాడేందుకు పాదరసపు ఆవిరిని ద్రవ గాలితో చల్లబరిచి ఆపేవారు. పనిచేసే మనిషి ముక్కుకు అలాంటి అడ్డేమీ లేదు.

దీనికి తోడు రేడియోలు శరదృతువులో, చలికాలంలో బాగా అమ్ముడయ్యేవి. వసంతం రాగానే వేలమందిని ఇళ్లకు పంపేసేవారు. 1933 జులైలో ఫిలడెల్ఫియాలోని ఫిల్కో రేడియో కర్మాగారంలో సమ్మె జరిగింది. కార్మికులు సంఘానికి గుర్తింపు, రోజుకు 8 గంటల పని సాధించుకున్నారు.